ముప్పయ్యో వంతు
(ఒంగోలులో పరిశ్రమల మేనేజర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో గ్రానైటు వాళ్లున్నారు, రొయ్యల ప్రాసెసింగ్ వాళ్లున్నారు, పొగాకు వాళ్లున్నారు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు కొందరున్నారు. చరిత్ర నుంచి నాయకత్వ పాఠాలు అనగానే అలెగ్జాండరు, నెపోలియను వస్తారనుకుని ఉంటారు. వాళ్లు రారు. యుద్ధంలో చూపించిన ధైర్యం గురించి కూడా నేను పెద్దగా మాట్లాడను. నెల జీతాలు, లారీ కిరాయిలు, పార్టీల దగ్గర ఆగిపోయిన బాకీలు చూసుకునే మనిషికి ఎవరో కత్తి దూసిన కథ వల్ల ఒరిగేదేమీ ఉండదు.

చూడాల్సింది ఇంకొకటుంది. పైచేయి తనదే అయినప్పుడు పాలకుడు తన అధికారానికి తానే ఎక్కడ గీత గీసుకున్నాడు? ఆ గీత అవతలివాడికి ముందే తెలిసిందా? గీసుకోని చోట ఏం జరిగింది? ఈ మూడు ప్రశ్నలతో మన చుట్టుపక్కల చరిత్రే చూద్దాం. మోటుపల్లి, పాలేరు, పోరుమామిళ్ల, ఉదయగిరి. నాలుగూ ఇక్కడికి ఒక పూట ప్రయాణంలో ఉన్నవే.

మోటుపల్లితో మొదలుపెడతాను. చినగంజాం దగ్గర ఊరు. 2022లో జిల్లాలు మార్చేదాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడ వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి శాసనం ఉంది. 1244-45 నాటిది. అభయ శాసనం అంటారు. ఓడల మీద వచ్చిపోయే వర్తకులను ఉద్దేశించి రాజు రాయించింది.

దాన్ని ఒక మేనేజరు చదివినట్టు చదువుదాం. మొదట్లోనే రాజు ఒక తప్పు ఒప్పుకుంటాడు. తనది కాదు, తన ముందు రాజులది. తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లని రాయిమీద చెక్కించాడు. ఆ తర్వాత, ప్రాణం కన్నా సంపదే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చేవాళ్ల దగ్గర మేం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అంటాడు. ఎంత సుంకం? ఎగుమతి మీదైనా దిగుమతి మీదైనా ముప్పైకి ఒకటి. మన లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. ఆ కింద సరుకుల వారీగా పట్టీ: గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు.

ఇందులో దయ ఉంది, కాదనను. దయ అనే మాట శాసనంలోనే ఉంది. కానీ దయ వెనకాల లెక్క కూడా ఉంది. పగిలిన ఓడని దోచుకుంటే ఆ రోజుకి బోలెడంత వస్తుంది, ఆ తర్వాత ఆ రేవుకి ఎవడూ రాడు. వదిలేస్తే ఆ రోజు ఏమీ రాదు, కానీ పగలని ఓడలన్నీ ముప్పయ్యో వంతు కట్టి పోతుంటాయి.

ఇప్పుడు మన ఊళ్లోకి వద్దాం. రొయ్యల గుంటలో వైట్ స్పాట్ జబ్బు వచ్చింది. రైతుకి ఆగే టైము లేదు. తెల్లవారేలోపు వల వేసి పట్టెయ్యాలి, లేదంటే అడుగున పడి పోతాయి. ఏజెంటుకి ఫోన్ చేస్తాడు. అప్పుడు కంపెనీ వైపు మనిషి ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? (నవ్వులు) నిన్నటి రేటు ఇవాళ ఉండదు. తరుగు పెరుగుతుంది. కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అన్న లెక్క, ఒకే మూల నుంచి తీస్తారు. ఇది ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడని దోచుకోవడమే. చేసేవాడికి ఆ పూట లాభం. తర్వాతి పంటకి ఆ రైతు కౌంట్ బాగా వచ్చిన గుంటని వేరేవాడికి పడతాడు, జబ్బు గుంటని మీకు పడతాడు. మీ ఫ్యాక్టరీకి మంచి సరుకు తగ్గుతూ వస్తుంది. ఎందుకు తగ్గిందో లెడ్జర్లో ఎక్కడా కనపడదు.

గణపతిదేవుడి పని మీరు చెయ్యాలంటే కొనుగోలు కేంద్రం ముందర ఒక బోర్డు చాలు. అందులో ఏం ఉండాలో చెబుతాను, రాసుకోండి. తేదీ, ఎన్నింటికి పెట్టారు అన్నది. కౌంట్ వారీగా రేటు. కౌంట్ ఎలా తీస్తారు అన్నది: నాలుగు మూలల్లో, మధ్యలో, మొత్తం ఐదు చోట్ల వల వేసి, ఒక్కోచోట కిలో తూచి, రొయ్యలు లెక్కపెట్టి, ఐదింటి సగటు. మెత్తపెంకు రొయ్య ఎంత శాతం ఉంటే ఎంత తరుగు. డబ్బు ఎన్ని రోజుల్లో. ఆఖర్న అన్నిటికన్నా ముఖ్యమైన గీత: జబ్బు గుంటకైనా ఇదే పట్టిక, సరుకులో కనపడే లోపానికే తరుగు, రైతు తొందరకి తరుగు లేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి మీ చెయ్యి వణుకుతుంది. వణకాలి కూడా, ఎందుకంటే ఖర్చు ఉన్నది దీంట్లోనే. నాలుగు టన్నుల పట్టుబడిలో కిలోకి ఇరవై రూపాయలు లాగే అవకాశం వదులుకుంటే 80 వేలు వదులుకున్నట్టు. ఆ 80 వేలని ముందే బడ్జెట్లో పెట్టుకోనివాడు బోర్డు పెట్టకూడదు. పెట్టి తప్పినవాడి కంటే పెట్టనివాడే మేలు.

ఇంకొకటి గమనించండి. ఆ శాసనం ఓరుగల్లు కోటలో లేదు. వర్తకుడు ఓడ దిగే ఊళ్లో ఉంది. మీ కంపెనీ పాలసీ హెడ్డాఫీసు ఫైల్లో ఉంటే అది పాలసీ కాదు. వేబ్రిడ్జి దగ్గర, గేటు దగ్గర, లారీ డ్రైవరు కూర్చునే బెంచీ ఎదురుగా ఉండాలి. చదవలేనివాడికి చదివి చెప్పే మనిషి కూడా ఉండాలి.

మోటుపల్లిలోనే ఇంకో శాసనం ఉంది, దాని సంగతి తక్కువమంది మాట్లాడతారు. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయింది. అభయం ఇచ్చిన వంశమే లేకపోయాక రాతి మీది మాటకి పూచీ ఎవరు? ఆ తర్వాత ఈ తీరం రెడ్డిరాజుల చేతికొచ్చింది. 1358లో అనపోతారెడ్డి మళ్లీ ఒక ధర్మశాసనం వేయించాడు. రేవుకి వచ్చి కాపురం ఉంటామనే వర్తకులకి భూమి ఇస్తామన్నాడు. వెళ్లిపోతామంటే ఆపం అన్నాడు. మగపిల్లలు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక దండం అనే పద్ధతిని ఎత్తేశాడు.

వెళ్లిపోతే ఆపం అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. బయటికి దారి ఉందని తెలిస్తేనే మనిషి లోపలికి ధైర్యంగా వస్తాడు. మీలో కొందరు మంచి ఆపరేటర్లు పోతారేమోనని ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు. దానివల్ల పోయేవాడు ఆగడు, రావాల్సినవాడు రాడు. దాని బదులు పోయేముందు ఎన్ని రోజుల నోటీసు, ఆ రోజుల్లో ఎవరికి పని నేర్పాలి, ఆఖరి జీతం ఏ తేదీకి అన్నది చేరిన రోజే కాగితం మీద ఇవ్వండి.

ఈ రెండో శాసనం నుంచి తీసుకోవాల్సిన అసలు పాఠం కొత్తగా కుర్చీ ఎక్కే మేనేజర్లకి. పాత మేనేజరు ఇచ్చిన మాటలు ఆయనతోనే పోయాయని కింది వాళ్లు అనుకుంటారు. మీరు ఏమీ మార్చకపోయినా అనుకుంటారు. అందుకని చేరిన మొదటి వారంలో సప్లయర్లనీ, కాంట్రాక్టర్లనీ, మేస్త్రీలనీ పిలిచి పాత షరతుల్లో ఏవి ఉన్నాయి, ఏవి మారాయి, ఏవి కొత్తగా ఇస్తున్నారో చెప్పి, రాసి, సంతకం పెట్టండి. చాలామంది మొదటి వారం ఆఫీసు ఫర్నిచరు మార్చడంలో గడుపుతారు.

ఇప్పుడు గీత గీసుకోని చోటికి వద్దాం. పాలేరు ఒడ్డు. కాటమరాజు కథ మన కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, కొమ్మువాళ్లు పాడగా విని ఉంటారు. ఆ కథకి పాఠాంతరాలు అనేకం, వివరాలు ఒకదానికీ ఒకదానికీ తేడా. ఒప్పందం మీద వచ్చిన గొడవ అన్నది మాత్రం అన్నిట్లో ఉంది. కాటమరాజు ఆలమందలతో నెల్లూరు సీమలోకి వచ్చాడు. రాజు మనుమసిద్ధి. మందలు మేసుకోవచ్చు, బదులుగా పుల్లరి కట్టాలి. పుల్లరి అంటే మేపు పన్ను, అది కోడెదూడల రూపంలో. బాగానే ఉంది. తర్వాత కరువు. గడ్డి లేదు. మందలు పచ్చని పైర్ల మీద పడ్డాయి. రాజు మనుషులు ఆవుల్ని చంపారు. ఆవుల్ని చంపినవాడికి పుల్లరి ఎందుకు కడతానని కాటమరాజు అడ్డం తిరిగాడు. యుద్ధం. రెండు వైపులా పెద్ద తలకాయలు రాలిపోయాయి. మనుమసిద్ధి సేనాని, కవి తిక్కన బంధువు ఖడ్గతిక్కన అందులోనే పోయాడు.

తప్పు ఎవరిదని కథ వినేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. మేనేజరు అడగాల్సింది అది కాదు. ఒప్పందంలో ఏ వాక్యం లేదు? గడ్డి ఉన్నప్పుడు ఎంత కట్టాలో ఉంది. గడ్డి లేనప్పుడు ఏంటన్నది లేదు. పైరు తింటే నష్టం ఎవరు లెక్కగడతారు అన్నది లేదు. గొడవ తేలేదాకా మందలు ఎక్కడ ఉండాలి అన్నది లేదు.

మీరు రాసుకునే ఏ కాంట్రాక్టులోనైనా ఈ మూడు ఖాళీలు ఉన్నాయో లేదో చూడండి. క్వారీ నుంచి బ్లాకులు తోలే ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టు తీసుకుందాం. టన్నుకి ఇంత, నెలకి ఇన్ని ట్రిప్పులు. సరే. వానలకి క్వారీలో నీళ్లు నిలిచి పదిహేను రోజులు బ్లాకు రాకపోతే లారీలు ఖాళీగా నిలబడ్డందుకు ఏమైనా ఇస్తారా? రోజుకి ఎంత? ఎన్నో రోజు నుంచి? దారిలో బ్లాకు పగిలితే, లోడింగులో వచ్చిన పగులా, రోడ్డు మీద వచ్చిన పగులా అన్నది ఎవరు తేలుస్తారు? ఆ మనిషి పేరు గానీ హోదా గానీ కాంట్రాక్టులో ఉందా? పేచీ వస్తే తేలేదాకా లారీలు నడుస్తాయా, ఆగుతాయా? నడిస్తే బిల్లులో పేచీ లేని భాగం వెంటనే ఇస్తారా? ఈ ఆఖరి దాని దగ్గరే ఎక్కువ సంబంధాలు చెడతాయి. లక్ష రూపాయల పేచీకి పది లక్షల బిల్లు ఆపేస్తారు. అవతలివాడు డ్రైవర్లకి బత్తా ఇవ్వలేక లారీలు ఆపేస్తాడు. పేచీ పడ్డ మొత్తం పక్కన పెట్టి మిగతాది గడువులోపల ఇచ్చేస్తామని ఒక వాక్యం రాసుకుంటే పాలేరు యుద్ధం జరగదు.

ఖడ్గతిక్కన సంగతి ఇంకో మాట. ఆయన మొదట యుద్ధం నుంచి వెనక్కి వచ్చాడు. వెంట ఉన్న బలగం అయిపోయింది కాబట్టి వచ్చాడు. ఇంట్లో తల్లీ భార్యా ఆడవాళ్లకి పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి, నీళ్ల బిందె, పసుపు ముద్ద పెట్టి ఎగతాళి చేశారంటుంది కథ. ఆయన తిరిగి వెళ్లి చనిపోయాడు. మనం దీన్ని తరతరాలుగా రోషానికి ఉదాహరణగా చెప్పుకుంటున్నాం. నా లెక్కలో ఇది ఒక సంస్థ తన మంచి సేనానిని చేతులారా పోగొట్టుకున్న ఉదాహరణ. ఆయన తెచ్చిన సమాచారం చాలా విలువైంది: అవతలి బలం ఎంత, మన బలం ఎందుకు సరిపోలేదు. ఎవరూ అడగలేదు. మీ సేల్స్ మనిషి ఒక ఆర్డరు వదులుకుని వస్తే మీటింగులో పదిమంది ముందు నవ్వకండి. ఏ రేటు దగ్గర వదిలాడు, అవతలివాడు ఎంతకి ఒప్పుకున్నాడు, ఆ రేటుకి వాడికి ఎలా గిట్టుబాటవుతుందో అడిగి రాసుకోండి. ఒకసారి నవ్వారంటే తర్వాతి ఆర్డరు నష్టానికైనా తెస్తాడు, వదులుకోడు.

పోరుమామిళ్ల చెరువు. కడప జిల్లా, బద్వేలు దాటాక. 1369 నాటి శాసనం. కట్టించింది విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. ఉదయగిరి నుంచి పాలించేవాడు, కాబట్టి మనవాడే అనుకోవచ్చు. అన్ని దాన శాసనాల్లాగా ఇంద్రుడూ చంద్రుడూ అని పొగిడి వదిలెయ్యకుండా, మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు ఇందులో వరసగా చెప్పారు.

పన్నెండూ ఇవి. ధర్మం, ధనం, కీర్తి నిలవాలన్న కోరిక ఉన్న రాజు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి బంకమన్ను ఉన్న నేల. పుట్టినచోటి నుంచి మూడు యోజనాల దూరం పారి వచ్చే తియ్యనీటి ఏరు. చెరువుని ఆనుకున్న కొండ. ఆ కొండ భాగాల మధ్య రాతితో కట్టిన, మరీ పొడుగు కాని గట్టి కట్ట. పంటభూమి లేని వైపుకి తిరిగిన రెండు కొసలు. వెడల్పూ లోతూ ఉన్న గర్భం. నిడుపాటి సూటి రాళ్లు దొరికే క్వారీ. పక్కనే చదునైన, పండే భూములు. కొండ వాలు వల్ల జోరుగా పోయే తూములు. పని తెలిసిన కూలీల బృందం.

లెక్క చూడండి. మొదటి రెండూ, ఆఖరిదీ మనుషులు. మధ్యలో తొమ్మిదీ నేల, నీరు, రాయి. మనం ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు మంచి టీము ఉంటే చాలు, అన్నీ అవే సర్దుకుంటాయంటాం. ఈ జాబితా అలా అనదు. క్వారీ దగ్గర్లో ఉందా అన్నది తొమ్మిదో ప్రశ్న, టీము పన్నెండో ప్రశ్న. మీలో కంభం చెరువు చూసినవాళ్లకి ఆరో సాధనం వెంటనే అర్థమవుతుంది: రెండు కొండల మధ్య సందు చూసి, అక్కడ గుండ్లకమ్మకి పొట్టి కట్ట వేశారు. చోటు సరిగ్గా ఎంచుకుంటే కట్టాల్సింది తగ్గుతుంది.

దోషాలు ఇంకా బాగుంటాయి. కట్ట కారడం. చవిటి నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. చెరువు మధ్యలో తాబేటి చిప్పలా మెట్ట ఉండటం. నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. చోటు తక్కువ, నీళ్లు ఎక్కువ.

వీటిని రెండు కుప్పలుగా విడగొట్టండి. కట్ట కారితే బాగు చెయ్యొచ్చు. మెట్టని, ఖర్చయినా, తవ్వొచ్చు. చవిటి నేలనీ సరిహద్దునీ మాత్రం ఎంత డబ్బు పోసినా బాగు చెయ్యలేరు. అందుకే అవి సంతకానికి ముందు చూడాల్సినవి. సరిహద్దు దోషం కంపెనీల్లో రోజూ కనపడుతుంది. స్టోర్సుకీ ప్రొడక్షనుకీ మధ్య పడ్డ స్పేరు పార్టుల గది, సేల్సుకీ అకౌంట్సుకీ మధ్య పడ్డ పాత బాకీ. ఇద్దరికీ అవసరమే, ఇద్దరిలో ఎవరి పనీ కాదు. తూము పాడైతే రెండు రాజ్యాల్లో ఎవరు బాగు చేయిస్తారు? ఇలాంటి దాన్ని కమిటీకి అప్పగించకండి. ఒక పక్కకి జరపండి. మొత్తంగా ఒకరి ఇలాకాలో పెట్టి, రెండోవాడికి వాడుకునే హక్కు మాత్రం రాసివ్వండి.

ఆఖరి రెండు దోషాలు జంట. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువైతే తప్పని అందరికీ తెలుసు. చోటు తక్కువై నీళ్లు ఎక్కువైనా అంతే దోషమని ఆయన రాయించాడు. ఆర్డర్లు ఎక్కువ, కోల్డ్ స్టోరేజీ తక్కువ అన్నప్పుడు మనం పండగ చేసుకుంటాం. చెరువు భాషలో అది కట్ట తెగే పరిస్థితి.

పని కొలత కూడా శాసనంలో ఉంది. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్లు. ఏడాదికి మూడొందల రోజులే వేసుకున్నా ఆరు లక్షల పనిదినాలు. అంత పని చేయించినవాడు పట్టిన కాలం, పెట్టిన బలగం రాతి మీద వదిలిపెట్టాడు. మీరు పోయిన ఏడాది కట్టిన షెడ్డుకి అసలు ఎన్ని రోజులు పట్టింది, అనుకున్నదెన్ని అన్న కాగితం మీ దగ్గర ఉందా? తర్వాతి షెడ్డు అంచనా దేన్ని చూసి వేస్తారు?

ఇక ఉదయగిరి. మన నెల్లూరు జిల్లా కోట, మూడు వేల అడుగుల దుర్గం. ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడించాడు. దాదాపు ఏడాదిన్నర పట్టింది. 1514 జూన్‌లో కోట పడింది. ఇరవై ఏళ్ల తర్వాత విజయనగరంలో ఉండి రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ అంకెలు ఇచ్చాడు: రాయల వైపు 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. కోటలో 10 వేల కాల్బలం, 400 గుర్రాలు. అంకెలు కొంచెం పెరిగి ఉండొచ్చు, ఆయన వర్తకుడు కదా. ముఖ్యమైంది ఆయన చెప్పిన ఇంకో వివరం. కోటకి దగ్గరయ్యే దారి ఒక్కటే, అదీ ఒక్కొక్క మనిషి మాత్రమే పోగలిగేంత ఇరుకు. రాయలు ఏం చేశాడు? కొండరాళ్లు పగలగొట్టించి ఆ దారిని వెడల్పు చేయించాడు, ఇంకా చాలా దారులు వేయించాడు. అప్పుడు బురుజుల దాకా సైన్యం పోయింది.

34 వేలమంది ఉన్నా ఆ దారి కొసన పోరాడేది ఒక్కడే. ఇంకో 34 వేలు తెచ్చినా ఒక్కడే. ఇరుకు దగ్గర బలగం లెక్కలోకి రాదు. ఇప్పుడు మీ ప్లాంటు చూడండి. రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో 300 మంది. సరుకుని గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజరు ఒక్కటి. ఆర్డరు ఆలస్యమవుతోందని ఇంకో 50 మందిని పీలింగులో పెడతారు. ఫ్రీజరు ముందు ట్రేలు ఇంకా పేరుకుంటాయి, ఐసు కరుగుతుంది, సరుకు గ్రేడు పడిపోతుంది. మనుషుల్ని పెంచాక నష్టం పెరిగింది, ఎందుకో అర్థం కాదు.

ఇరుకు ఎక్కడుందో కనుక్కునే పద్ధతి సులువు. ఒక షిఫ్టు మొత్తం, గంట గంటకీ, ఒక్కో దశ ముందర ఎన్ని ట్రేలు ఆగి ఉన్నాయో లెక్కపెట్టించండి. సాయంత్రానికి ఎక్కడ అంకె ఎక్కువుందో అదే ఇరుకు దారి. దాని ముందున్న దశలో మనిషిని పెంచడం ఆ రోజు నుంచి ఆపెయ్యండి. ఖర్చంతా ఆ దారి మీదే పెట్టండి: రెండో ఫ్రీజరు, లేదా ఉన్నదానికి మూడో షిఫ్టు, లేదా డీఫ్రాస్టు టైము భోజనాల వేళకి మార్చడం. అది వెడల్పయ్యాక ఇరుకు ఇంకో చోటికి పోతుంది. మళ్లీ లెక్కపెట్టాలి.

కష్టం ఎక్కడంటే, రాళ్లు కొట్టే కాలంలో గెలుపు కనపడదు. ఏడాది దాటినా కోట పడలేదు. ఏదో ఒకటి చేసి చూపించాలన్న ఒత్తిడి ఆ ఇరుకు దారిలోకే మనుషుల్ని తోసేలా చేస్తుంది. దాన్ని తట్టుకోవాలంటే చూపించే అంకె మార్చాలి. పైవాళ్లకి ప్రతి వారం పంపే రిపోర్టులో కోట పడిందా అన్నది కాకుండా దారి ఎన్ని గజాలు వెడల్పయిందన్నది ఉండాలి. ఉదయగిరి పడ్డాక వేగం చూడండి. కందుకూరు, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ ఒకదాని తర్వాత ఒకటి. 1515 జూన్ 23 నాటికి కొండవీడు కూడా. మొదటి కోటకి పట్టినంత కాలం మిగతావన్నిటికీ కలిపి పట్టలేదు.

గెలిచాక చేసింది కూడా చెప్పాలి. కోటలో దొరికిన గజపతి పినతల్లిని మర్యాదగా చూశాడంటాడు నూనిజ్. ఉదయగిరికి రాయసం కొండమరుసయ్యని అధికారిగా పెట్టాడు. సింహాచలం దాకా వెళ్లాడు. చివరికి సంధిలో గజపతి కూతుర్ని పెళ్లి చేసుకుని, కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేల తిరిగిచ్చేశాడు. పోయినంతమేరా ఉంచుకోలేదు. తన రాజధాని నుంచి కాపాడుకోగలిగిన గీత ఎక్కడో అక్కడ ఆగాడు. బ్రాంచీలు పెంచుకునేవాళ్లు దీన్ని ఒకసారి చదువుకోండి.

అదే రాయలు ఒక విషయంలో మాత్రం ఘోరంగా దెబ్బతిన్నాడు. వారసత్వం. ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాడు. పిల్లవాడు చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానంతో, తనని గద్దె ఎక్కించి రాజ్యం నడిపిన తిమ్మరుసుని చెరలో పెట్టి కళ్లు తీయించాడని నూనిజ్ రాశాడు. 1529లో రాయలు పోయాక తమ్ముడు అచ్యుతరాయలు వచ్చాడు. అంతా ఒకే మంత్రి చేతిలో ఉన్నప్పుడు అతన్ని నమ్మినా ప్రమాదమే, అనుమానించినా ప్రమాదమే. ఏ శాఖకైనా ఒకరికి మించి పెద్దలుండాలి, శాశ్వతంగా ఉండకూడదని కౌటిల్యుడు ఎప్పుడో చెప్పాడు. బ్యాంకు సంతకం, స్టోర్సు తాళం, పెద్ద పార్టీలతో రోజువారీ మాటలు. ఈ మూడిట్లో ప్రతిదానికీ ఇద్దరు మనుషులుండాలి, మూడూ ఒకే ఇద్దరి దగ్గర ఉండకూడదు. అంతకంటే దీని మీద చెప్పను, టైము అవుతోంది. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, రేటు బోర్డు మీద రాసి పెడితే పక్క కంపెనీ వాడు దానిమీద రెండు రూపాయలు ఎక్కువిచ్చి సరుకు తోలుకుపోతాడు గదా. అప్పుడెట్టా?

తోలుకుపోతాడు, నిజమే. అందుకని రేటు రోజుకి ఒకసారి మార్చే హక్కు మీ దగ్గరే పెట్టుకోండి. తరుగు పట్టిక, కౌంట్ తీసే పద్ధతి, డబ్బిచ్చే గడువు, ఈ మూడూ మాత్రం పంట మొత్తానికీ మార్చకండి. గణపతిదేవుడు ధరలు కట్టలేదు, వంతు కట్టాడు. మిరియాల ధర పెరిగినా తగ్గినా ముప్పయ్యో వంతు ముప్పయ్యో వంతే. రైతు రెండు రూపాయల కోసం ఒకసారి పోతాడు. అక్కడ తరుగులో నాలుగు రూపాయలు పోయాయని లెక్క చూసుకున్నాక ఏం చేస్తాడో మీకే తెలుసు. లెక్క చూసుకోవాలంటే మీ బిల్లులో తరుగు విడిగా ఒక గడిలో కనపడాలి. రేటులో కలిపేసి రాసే అలవాటు మానండి.

ప్రశ్న: మా ఓనరే బోర్డు తీసెయ్యమంటే ఏంది సార్ చేసేది?

వాదించకండి. ఒక కాగితం మీద రెండు అంకెలు రాసి ఇవ్వండి. జబ్బు గుంటల దగ్గర ఈ పంటలో అదనపు తరుగు వెయ్యకపోవడం వల్ల ఎంత వదులుకున్నాం అన్నది ఒకటి. మంచి గుంటలు మన దగ్గరికి రావడానికి ఏజెంట్లకి బోర్డుకి ముందు ఎంత కమీషను ఇచ్చేవాళ్లం, ఇప్పుడు ఎంత ఇస్తున్నాం అన్నది రెండోది. చూసి కూడా తీసెయ్యమంటే తీసెయ్యండి, కంపెనీ ఆయనది. కాకపోతే ఏ తేదీ నుంచి తీసేస్తున్నారో, అప్పటికే పిల్ల వేసి ఉన్న గుంటలకి పాత పట్టికే వర్తిస్తుందో లేదో అదే బోర్డు మీద రాసి, పది రోజులు ఉంచి, అప్పుడు దించండి.